ముప్పై ఒక్క జతలు

ఏడుంపావుకే వచ్చి కూర్చున్నాను. బస్సు ఎనిమిదింటికి. మీటింగులకే గంట ఆలస్యంగా పోయే చైర్‌పర్సన్ బస్సుకు ముక్కాలు గంట ముందొచ్చి షెల్టరులో కూర్చోవడం ఈ పెద్దబండ మున్సిపాలిటీ ఎప్పుడూ చూసి ఉండదు. మార్చి ఇంకా సగం కూడా కాలేదు, సిమెంటు బల్ల అప్పుడే వెచ్చబడింది. తల మీద బోర్డులో నా పేరే, శ్రీమతి రూతు, చైర్‌పర్సన్, పక్కన విజయభాస్కర్ అన్న ఫొటో నాకంటే రెండింతలు. ఎండకు నా మొహం వెలిసిపోయి తెల్లగా అయిపోయింది, ఆయనది మాత్రం నిన్న అతికించినట్టుంది, ఎవరికి ఎంత రంగు వెయ్యాలో ఫ్లెక్సీ వాడికి కూడా తెలుసు. నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆ లెక్క మళ్ళీ గుర్తొచ్చింది. ముప్పై మంది. ఈ తొమ్మిదో వార్డు స్టాపులో ఈ రోజు ముప్పై మంది ఎక్కాలి. ఎక్కితే బస్సు ఉంటుంది, బస్సు ఉంటే నేను ఉంటాను. ఒక్కరు తగ్గినా రేపటి నుంచి ఈ షెల్టరులో మేకలు పడుకుంటాయి, నా పేరు కిందే.

చెప్పులు మాత్రం వచ్చేశాయి. నేను వచ్చేసరికే షెల్టరు ముందు నుంచి మలుపు దాకా వరసగా పెట్టి పోయారు. మా దగ్గర ఎక్కడైనా ఇంతే, రేషను షాపు, ఆధార్ సెంటరు, ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ, మనిషి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టించుకోనక్కర్లేదు, చెప్పులు విప్పి వరసలో పెట్టి ఇంటికి పోయి అన్నం వార్చుకుని రావచ్చు, ఎవరూ జరపరు, జరిపితే జుట్లు పట్టుకునే దాకా పోతుంది. చెప్పులున్నాయంటే మనిషి ఉన్నట్టే లెక్క. బస్సుకు నిజానికి వరస అక్కర్లేదు, వస్తే తోసుకుని ఎక్కడమే, కానీ నిన్న నేను ఇంటింటికీ తిరిగి బతిమాలాను కదా, ఇచ్చిన మాటకు గుర్తుగా పెట్టారు. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. అన్నిటికంటే ముందు బయమ్మక్కవి, నీలం రంగు హవాయి చెప్పులు, ఎడమదాని పట్టీకి పిన్నీసు. ఆ పిన్నీసును చూస్తే ఏడుపొచ్చింది. నా కోసం, ఈ మనుషులు నా కోసం, అనుకున్నాను. ప్రభువా, ఈ చెప్పుల్లోకి ఈ కాళ్ళను ఎనిమిదింటికల్లా పంపించు, ఇంకేమీ అడగను.

డిపోలో సారును ఆడిపోసుకుని లాభం లేదు. ఆయన మర్యాదగానే చెప్పాడు. "ఖాళీ బస్సు ఎన్నాళ్ళు తిప్పేదమ్మా? గుత్తి పక్క ఒక ఊరోళ్ళు, ఈ బస్సు మాకియ్యి సామీ అని రోజూ వచ్చి కూచుంటాండారు. సోమవారం లెక్కేసేదానికి మనిషిని పంపిస్తా. మీ కాలనీలో ముప్పై మంది ఎక్కినారా, బస్సు మీదే. లేదంటే నన్నేమీ అనుకోవద్దు." ఏమనుకోను? ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు కూడా లేవు, ఆధార్ కార్డు చూపించి కూర్చోవడమే, అయినా ఎక్కడం లేదంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. నిన్న ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర మొదలుపెట్టి పొద్దు గుంకేదాకా తిరిగాను. ఎందుకు ఎక్కడం లేదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో నవ్వు నవ్వారు. "కుదిరితే ఎక్కమా రూతమ్మా?" అంది ఒకామె. "పొద్దున పూట కుదరదు లేమ్మా" అంది ఇంకొకామె, నేనేదో ఎరుగనట్టు అడిగానని అనుకున్నట్టు. ఏం కుదరదు అని నేను అడగలేదు. అయిదేళ్ళు కుర్చీలో కూర్చుంటే అడగడం మరిచిపోయి చెప్పడం ఒక్కటే అలవాటవుతుంది. రేపు ఒక్క రోజు, నా కోసం, అని చెప్పాను. వస్తాం అన్నారు. బయమ్మక్క నా గడ్డం పట్టుకుని, "వస్తాంలే పాపా, చెప్పులు పెడతాం పో" అంది.

బయమ్మక్క నన్ను పాపా అని ఎన్నాళ్ళకు పిలిచిందో. పదకొండేళ్ళు మేమిద్దరం ఇక్కడి నుంచి బైపాసు దాకా నడిచినవాళ్ళం, నాలుగు కిలోమీటర్లు, ఎండిపోయిన వేరుశనగ చేల గట్ల మీద, అక్కడ చెయ్యెత్తితే ఆగిన బస్సు ఎక్కి అనంతపురం, ఆమె ఆసుపత్రిలో ఊడ్చేది, నేను ఆడపిల్లల హాస్టలులో గిన్నెలు తోమేదాన్ని. ఆ హాస్టల్లో అన్నం వండే గుండిగలు, లోపలికి దిగి తోమాలి, ఇంత పెద్దవి. ఒకరోజు కాలికి ముల్లు దిగి బయమ్మక్క కూర్చుంటే నేనూ ఆగాను, బస్సు మా కళ్ళ ముందే పోయింది, దుమ్ము మా మొహాన కొట్టి, తర్వాతి బస్సుకు పోయేసరికి నా గిన్నెల దగ్గర ఇంకొకామె ఉంది. వార్డెను తలెత్తి చూడలేదు. ఆ రోజు తిరిగి నడుచుకుంటూ వస్తూ అనుకున్నాను, మా కాలనీకి ఒక బస్సు ఉంటే, అంతే, ఇంకేం రాకపోయినా ఫరవాలేదు. ఎన్నికలప్పుడు అదే చెప్పాను, వేరే ఏం చెప్పడానికీ నాకు రాదు. బస్సు రూతమ్మ అన్నారు. నా అయిదేళ్ళ ఘనకార్యం ఏంటని ఎవరైనా అడిగితే రెండు వేళ్ళ మీద చెప్పవచ్చు, నాలుగు షెల్టర్లు కట్టించాను, ఒక్క బస్సు తెచ్చాను. మిగిలిన మూడు షెల్టర్లకు బస్సు రావాల్సి ఉంది.

ఏడున్నర. జాకబ్ ఆటో శబ్దం వినపడింది, ఇంత దూరం నుంచి కూడా ఆ సైలెన్సరు నాకు తెలుస్తుంది, పాతికేళ్ళ కాపురం. బైపాసుకు జనాన్ని తోలే షేరు ఆటో. నేను బస్సు తెస్తానని ఊరంతా తిరుగుతుంటే ఇంట్లో ఆయన ఒక్క మాటా అనలేదు, బస్సు వచ్చిన రోజు రాత్రి మాత్రం చెయ్యి కడుక్కుంటూ, "ఊరికంతా బస్సు తెచ్చినావు, మనింటికేం తెచ్చినావు?" అన్నాడు. నేను నవ్వేశాను. చైర్‌పర్సన్ మొగుడివి, ఇంకా ఆటో ఎందుకు అన్నాను. ఆయన మొహం ఎట్లా అయిందో నేను చూడలేదు, విజయభాస్కర్ అన్న దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఆయన ఫోను వస్తే అన్నం ముందు కూర్చున్నా లేచి నిలబడతాను, ఎందుకో, ఫోనులో ఆయనకు కనపడనని తెలిసినా.

విజయభాస్కర్ అన్నను తిట్టడానికీ లేదు. సీటు ఆడవాళ్ళకు, అందులోనూ మా వాళ్ళకు రిజర్వు అయితే, ఈ ఊరి రాజకీయమంతా చేతిలో ఉన్న మనిషి మా కాలనీకొచ్చి, నెమ్మదైన మనిషి ఎవరుండారప్పా అని అడిగాడు, నలుగురు నన్ను చూపించారు. నెమ్మదైన మనిషి. వారం కిందట పిలిచి చెప్పాడు, "నెలాఖరుకు గడువు అయిపోతాది రూతమ్మా. మళ్ళీ నిన్నే నిలబెట్టల్లనుకుంటాండా. కానీ ఆ బస్సు పోయిందంటే జనాల్లోకి ఏం మొగం పెట్టుకుని పోదుము? బస్సు నిలబెట్టుకో, నిన్ను నేను నిలబెడతా. సోమవారం ఆ బస్సెక్కే రా, పదింటికి, అందరి ముందర నీ పేరు చెప్తా." కళ్ళనీళ్ళు వచ్చాయి నాకు, చేతులెత్తి దండం పెట్టాను. ఇప్పుడు ఈ చెప్పుల వరసను చూస్తూ కూర్చుంటే తోస్తోంది, నేను కూడా ఆయన పెట్టి పోయిన చెప్పునే కదా. వరసలో తన చోటు పోకుండా నన్ను పెట్టాడు. తన మనిషి కూర్చునే రోజు వచ్చేదాకా ఎండకు ఎండుతూ ఉండాలి, ఎవరూ జరపరు, ఎవరూ తొడుక్కోరు. ఛీ, ఇదేం బుద్ధి, పొద్దున్నే. ఆయన లేకపోతే నువ్వెవరు? ఎవరినీ కాదు. అదే కదా భయం, మళ్ళీ ఎవరూ కాకుండా పోవడం, మళ్ళీ ఆ గుండిగల్లోకి దిగడం.

ఈ బస్సు తిరిగే జాగా కోసం ఎంత తిప్పలు పడ్డాను. డ్రైవరు వచ్చి చూసి, ఇంత సందులో బండి తిప్పలేను, కిలోమీటరు వెనక్కి నడపాల్సి వస్తుంది అన్నాడు. జాగా లేక కాదు, ఇదిగో ఇక్కడే, ఇప్పుడు నేను కూర్చున్న బల్ల ముందే, కాలనీ కొళాయి కట్ట ఉండేది, నల్లరాయి కట్ట, మా అత్త బిందె పెట్టి పెట్టి గుంట పడిన రాయి. దాన్ని తీసేస్తే బస్సు తిరుగుతుంది. ఇంజినీరు పైపు పైకి లాగవచ్చు అన్నాడు, నేను సరే అన్నాను, చర్చి పక్కన మిట్ట మీదికి మార్పించాను, అక్కడైతే శుభ్రంగా ఉంటుందని కూడా అనిపించింది, టైల్సు వేయించాను. కట్ట పగలగొడుతున్న రోజు బయమ్మక్క నిలబడి చూసింది. "నీళ్ళు ఆ మిట్టకు ఎక్కుతాయా పాపా?" అంది. "మోటరుండాది కదక్కా" అన్నాను. బస్సు మొదటిసారి తిరిగిన రోజు టెంకాయ కొట్టిన వాళ్ళు కొట్టారు, ప్రార్థన చేసిన వాళ్ళు చేశారు, కండక్టరు కేశవకు దండ వేస్తే సిగ్గుపడి తీసి డ్రైవరు మెడలో వేశాడు, బయమ్మక్క కిటికీ పక్కన కూర్చుని రాణిలాగా చెయ్యి ఊపింది. నా బతుకులో అంత సంతోషం ఎప్పుడూ లేదు. కూతురు పుట్టినప్పుడు కూడా లేదు, దేవుడు క్షమించాలి.

నాలుగు నెలలు కిక్కిరిసి పోయింది బస్సు. వానలు నిలిచిపోయి చలికాలం దాటాక పలచబడింది. ఇరవై మంది, పదిహేను, ఎనిమిది. ఆటోవాళ్ళు చెడగొడుతున్నారన్నాను, అవతలి పార్టీ వాళ్ళు ఎక్కొద్దని చెబుతున్నారన్నాను, కౌన్సిలులో బల్ల గుద్ది మరీ అన్నాను. జాకబ్‌ను కూడా అడిగేశాను ఒకరోజు, నువ్వే కదా అని. ఆయన అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకు ఎక్కడం లేదో తెలుసుకోవడానికి ఒక్కసారి పొద్దున్నే వచ్చి ఇక్కడ కూర్చుంటే సరిపోయేది, కానీ ఏడున్నరకు మున్సిపల్ కారు వస్తుంది ఇంటికి, అద్దాలు ఎత్తి ఉంటాయి, ఫైళ్ళు ఒళ్ళో ఉంటాయి. మొదటి రోజు తప్ప నేను నా బస్సు ఎక్కలేదు. ఈ మాట ఇప్పుడే లెక్క తేలింది, నాకే నమ్మకంగా లేదు, కానీ నిజం, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎక్కలేదు.

హారను. బస్సు కాదు, బస్సు హారను సన్నగా ఉంటుంది, ఇది మొరటు హారను, వెనకే ట్రాక్టరు శబ్దం, నీళ్ళ ట్యాంకరు. చర్చి మిట్ట వైపు నుంచి. గడియారం చూశాను, ఎనిమిదికి పది తక్కువ. కాలనీలో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, పెయింటు డబ్బాలు, చంకన ఒకటి చేతిలో ఒకటి, ఆడవాళ్ళంతా మిట్ట మీదికి పరుగెత్తుతున్నారు, ఉత్త కాళ్ళతో, చెప్పులు ఇక్కడే ఉన్నాయి కదా మరి. ఇటు చూసి చెయ్యి ఊపుతున్నారు కూడా, వస్తాం వస్తాం అన్నట్టు. ట్యాంకరు ఈ టైముకు ఎందుకొస్తుంది? మా ఇంటికి ఆరింటికే వస్తుంది కదా, వెంకటేశులు ముందు మా డ్రమ్ము నింపి, "నింపినానమ్మా" అని కేకేసి పోతాడు, నేను లోపల జుట్టు దువ్వుకుంటూ సరే అంటాను. మా డ్రమ్ము నిండితే కాలనీ అంతా నిండినట్టే అనుకున్నానా? అనుకోలేదు. అసలేమీ అనుకోలేదు, అదే పాపం. మిట్ట మీద టైల్సు కొళాయి ఎండకు మెరుస్తోంది, దాని కింద పిచ్చుక కూడా లేదు. వానలు నిలిచాక నీళ్ళు మిట్ట ఎక్కలేదు. ఎక్కలేదని ఎవరో అర్జీ ఇచ్చారు, ట్యాంకరు పంపండి అని రాశాను, సమస్య తీరింది అనుకున్నాను.

పరుగెత్తాను. పట్టుచీర కట్టుకున్నాను, పదింటికి అందరి ముందర పేరు చెప్తాడని, ధర్మవరం చీర, కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం. వెంకటేశులు పైపు వదిలి కంగారుగా దిగాడు. "వెంకటేశులూ, అర్ధగంట ఆగి రారాదా? ఈ పొద్దొక్కరోజు, ముందు పై వీధికి పోయి రా."

"ఎట్లమ్మా? పై వీధోళ్ళకు తొమ్మిదికని ఉండాది, ఆ తర్వాత ఇంగా రెండు వీధులు. ఇప్పుడు పైపు తీస్తే వీళ్ళు నన్ను సంపుతారు."

"ఎనిమిదింటికి బస్సుకు పోవల్ల కదప్పా వీళ్ళు. ఈ టైము ఎవరు పెట్టినారు నీకు?"

అతను నా వైపు ఒక రకంగా చూశాడు. ట్రాక్టరు సీటు కింద నుంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. "మీరు ఇచ్చిందే కదమ్మా."

తొమ్మిదో వార్డు, ఉదయం ఏడు గంటల యాభై నిమిషాలు. కింద నా సంతకం, రూ కొమ్ము బాగా పొడుగ్గా లాగి, సంతకం గొప్పగా ఉండాలని నేర్చుకున్నది. ఏ రోజు చేశానో గుర్తు లేదు. నలభై కాగితాల్లో ఒకటి అయి ఉంటుంది, గుమాస్తా పేజీలు తిప్పుతుంటాడు, నేను చేస్తూ పోతాను. ఆటోవాళ్ళు కాదు, అవతలి పార్టీ కాదు, జాకబ్ కాదు. బస్సు కోసం నీళ్ళు తీసేశాను, నీళ్ళ కోసం బస్సును తీసేశాను, రెండూ నా చేత్తోనే, ఒకటి పలుగుతో, ఒకటి పెన్నుతో. వీళ్ళకందరికీ తెలుసు. నాకూ తెలుసనే అనుకున్నారు, అందుకే ఆ నవ్వు. ఈ కాగితం మార్చడానికి ఒక్క నిమిషం చాలు, రేపే మార్చవచ్చు, కానీ రేపటికి బస్సు ఉండదు.

సన్నటి హారను వినపడింది. నా బస్సు మలుపు తిరుగుతోంది, చక్కగా, ఎక్కడా ఆగకుండా, అంత జాగా ఉంది కదా. మిట్ట మీద వరసలో కదలిక వచ్చింది, నలుగురైదుగురు బస్సును చూశారు, చేతిలో బిందెను చూశారు. ఎవరిని రమ్మనాలి? పైపు కింద బిందె సగం నిండిన ఆమెనా, ఇంకా ఇద్దరి వెనకున్న బయమ్మక్కనా? ఇప్పుడు వరస వదిలితే మళ్ళీ రేపే నీళ్ళు. నోరు తెరిచాను, పిలవడానికి. పిలవలేకపోయాను. నా డ్రమ్ము ఇంట్లో మూత పెట్టి నిండుగా ఉంది.

కిందికి వచ్చేసరికి ముగ్గురు ఎక్కారు, కాలేజీ పిల్ల ఒకతి, చేతికర్ర ముసలాయన, అంగన్‌వాడీ టీచరు. మెట్టు మీద డిపో మనిషి కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కేశవ కిందికి దిగి చెప్పుల వరసను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"మనుషులేరమ్మా?"

"నీళ్ళకాడుండారు. వస్తారు. అయిదు నిమిషాలు నిలుపు కేశవా."

అయిదు కాదు, తొమ్మిది నిమిషాలు నిలిపాడు. లోపలున్నవాళ్ళు ఆసుపత్రికి టైమవుతాందని అరుస్తున్నా నిలిపాడు, మంచివాడు. తర్వాత తల గోక్కుంటూ అన్నాడు, "చెప్పులకు టికెట్టు కొట్టలేను కదమ్మా." వెక్కిరించలేదు, అతనికి కూడా బాధగానే ఉంది. డిపో మనిషి కాగితం మీద ఏదో రాసి, "మీరు ఎక్కితే నాలుగు" అన్నాడు. పదింటికి పార్టీ ఆఫీసు. అందరి ముందర పేరు. సంచిలో ఫోను మోగుతోంది, ఎవరిదో చూడక్కర్లేదు, మొదటిసారి దానికి నేను లేచి నిలబడలేదు, నిలబడే ఉన్నాను కాబట్టి. "పోనీ కేశవా" అన్నాను. బస్సు పోయింది. దుమ్ము మొహాన కొట్టింది, బైపాసు దగ్గర కొట్టిన దుమ్మే, దానికి మనిషి తేడా ఏం తెలుసు.

మళ్ళీ బల్ల మీద కూర్చున్నాను. ట్యాంకరు పోయింది. ఇళ్ళల్లో బిందెలు దించి, తడిసిన కొంగులు పిండుకుంటూ ఒక్కొక్కరే వస్తున్నారు, దగ్గరకొచ్చి చెప్పులు తొడుక్కుంటున్నారు, నా మొహం చూడకుండా. జాకబ్ ఆటో వచ్చి కొంచెం దూరంలో ఆగింది, ఎప్పుడూ ఆగే చోటే. పదిమంది ఇరుక్కుని ఎక్కారు, మిగతావాళ్ళు బైపాసు వైపు నడక మొదలుపెట్టారు. ఆయన నన్ను చూసి, ఆటో తిప్పుకుని పోయాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది. బయమ్మక్క అందరికంటే వెనక వచ్చింది, ఆయాసపడుతూ, పిన్నీసు చెప్పులోకి కాలు దూర్చింది.

"బస్సు వచ్చినాదా పాపా?"

"వచ్చి పోయిందక్కా."

"అయ్యో, ఇంగా రోంతసేపుంటే మాకు అయిపోయేది. చెప్పులన్నీ చూసినాడా ఆ లెక్కలాయప్ప?"

"చూసినాడు."

"చూసినాడు కదా, ఇంగేం మల్ల. ఇంతమంది ఉండామని తెల్సింటాదిలే." నా భుజం తట్టింది, ఆ చెయ్యి ఇంకా చల్లగా ఉంది నీళ్ళకు. "రేప్పొద్దున ఇంగా బిరీన పెడతాంలే చెప్పులు, నువ్వేం దిగులు పడొద్దు."

రేపటి నుంచి బస్సు లేదని చెప్పడానికి నోరు తెరిచాను.

"పెట్టండక్కా" అన్నాను.